మూడు చీకట్లు: గర్భస్థ దశల ఆయతులకు తెలుగు వివరణలు

నాగార్జున సాగర్ పరిసరాల్లోని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల ముస్లిం ఇళ్లలో గర్భాన్ని గురించి పలు రకాల మాటలు వినవస్తాయి. కాన్పు చేసే మంత్రసాని "మాయ పడింది" అంటుంది. ఆస్పత్రిలో స్కానింగు చేసినవారు "ఉమ్మనీరు తగ్గింది" అంటారు. కళాశాలకు పోయే కుర్రవాడి జంతుశాస్త్ర పుస్తకంలో ఉల్బం, పరాయువు, జరాయువు అనే పదాలు ఉంటాయి. జుమా ప్రసంగంలో ఖతీబుగారు "మూడు చీకట్లు" అంటారు. ఈ మాటలన్నీ తన కడుపులోని ఒకే చోటును ఉద్దేశించినవని ఆ ఇంటి ఇల్లాలికి విడమరచి చెప్పేవారు అరుదు.

ఈ లోటు తీర్చవలసిన బాధ్యత ఖుర్‌ఆన్ అనువాదకులదీ, వ్యాఖ్యాతలదీ. గర్భస్థ దశలను ప్రస్తావించే ఆయతుల మీద తెలుగులో చిన్న పుస్తకాలు, ప్రసంగ వ్యాసాలు చాలానే వచ్చాయి. వాటిలో అధిక భాగం ఒకే దారిన నడుస్తాయి. ముందు ఆయతు భావం, పక్కన పాఠ్యగ్రంథంలోని పిండం బొమ్మ, ఆ తర్వాత "1400 సంవత్సరాల క్రితమే" అనే వాక్యం. ఉద్దేశం మంచిదే. కాని ఈ పద్ధతి వల్ల మూలపదానికి గాని, విజ్ఞానానికి గాని న్యాయం జరుగుతున్నదా అనేది పరిశీలించవలసిన విషయం. దైవవాక్కు ఎక్కడ ముగిసిందో, మనిషి వివరణ ఎక్కడ మొదలయిందో పాఠకుడికి కనబడే హద్దు ఉండాలి. ఆ హద్దు చెరిగిపోవడమే ఈ రచనల ముఖ్యలోపం.

మూడు చీకట్లను లెక్కించినవారు

సూరా జుమర్ 6వ ఆయతులో, మానవుడు తల్లి కడుపులో ఒక సృష్టి తర్వాత మరొక సృష్టిగా, మూడు చీకట్లలో రూపొందుతాడనే భావం ఉంది. ఆ చీకట్లు ఏవో ఆయతు చెప్పలేదు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మొదలైనవారి నుండి వచ్చిన వివరణను ఇమామ్ తబరీ (మరణం క్రీ.శ. 923) తమ తఫ్సీరులో నమోదు చేశారు: పొట్ట చీకటి, గర్భాశయపు చీకటి, మషీమా చీకటి. మషీమా అంటే కాన్పు తర్వాత బయటికి వచ్చే పొరల సముదాయం, అనగా మంత్రసాని చెప్పే మాయ. తండ్రి వెన్ను, తల్లి పొట్ట, గర్భాశయం అని లెక్కించిన వ్యాఖ్యాతలూ లేకపోలేదు. అయితే మొదటి వివరణే ఎక్కువ ఆమోదం పొందింది.

ఆధునికుల లెక్క కూడా దీనికి దగ్గరే. ఫ్రెంచి వైద్యుడు మారిస్ బుకాయ్ 1976లో వెలువరించిన గ్రంథంలోనూ, కెనడా శరీర నిర్మాణ శాస్త్రవేత్త కీత్ మూర్ 1980లలో చేసిన రచనల్లోనూ ఉదరపు గోడ, గర్భాశయపు గోడ, పిండాన్ని చుట్టిన పొరలు అనే క్రమమే కనిపిస్తుంది. తబరీ నమోదు చేసిన మూడింటికీ, వీరు చెప్పిన మూడింటికీ నడుమ పెద్ద తేడా లేదు. అయినా తెలుగు పుస్తకాల్లో ఇది ఆధునిక విజ్ఞానం కొత్తగా బయటపెట్టిన రహస్యంలా కనిపిస్తుంది. మషీమా అన్న మాటను తెలుగు పాఠకుడికి "మాయ" అని చెప్పి ఉంటే, తొలి తరం వ్యాఖ్యాతలు అప్పుడే ఈ సంగతి చెప్పారని అతనికి తెలిసేది. పరాయి శాస్త్రవేత్త ధ్రువపత్రం కోసం ఎదురుచూసే అవసరం ఉండేది కాదు.

ఇక లెక్క విషయంలో జాగ్రత్త ఎందుకు అవసరమో పొరల పుట్టుకను చూస్తే తెలుస్తుంది. ఫలదీకరణం జరిగిన ఆరేడు రోజులకు కణాల బంతి గర్భాశయపు లోపలి పొరను అంటుకుని అందులోకి చొచ్చుకుపోతుంది. ఎనిమిదో రోజు ప్రాంతంలో దానిలో ఒక చిన్న ఖాళీ ఏర్పడుతుంది. అదే ఉమ్మనీటి సంచికి ఆరంభం. దాని గోడ ఉల్బం. దాని వెలుపల పరాయువు అనే మరో పొర ఉంటుంది. పరాయువులో ఒక భాగం తల్లి కణజాలంతో కలిసి జరాయువుగా, అనగా మాయగా, పెరుగుతుంది. ఉమ్మనీరు పెరిగే కొద్దీ ఉల్బం ఉబ్బి, మూడో నెల నాటికి పరాయువుకు అతుక్కుపోతుంది. మొదట రెండుగా ఉన్న పొరలు కలిసి దాదాపు ఒకటే అవుతాయి. కనుక ఏ వారంలో లెక్కించారు, దేన్ని దేనితో కలిపి లెక్కించారు అన్నదాన్ని బట్టి పొరల సంఖ్య మారుతుంది. ఆయతు చెప్పింది చీకట్లను. పొరల పట్టికను కాదు. మూడు అనే సంఖ్య కోసం పొరలను కలపడం, విడదీయడం శాస్త్రానికి మేలు చేయదు, ఆయతుకూ అది అవసరం లేదు.

ఈ విషయంలో హాఫిజ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం క్రీ.శ. 1350) ఉదాహరణ ఎంతో విలువైనది. ఆయన తమ "తిబ్యాన్" గ్రంథంలో గర్భాన్ని గురించి చర్చిస్తూ గ్రీకు వైద్యుడు బుఖ్‌రాత్, అనగా హిప్పొక్రటీస్, అభిప్రాయాన్ని ఉదాహరించారు. పిండాన్ని చుట్టే పొరల్లో కొన్ని ఆరంభంలోనూ, కొన్ని రెండో నెల తర్వాతా, మరికొన్ని మూడో నెలలోనూ ఏర్పడతాయన్నది ఆ వైద్యుడి మాట. ఒక్కొక్క పొరకు ఒక్కొక్క చీకటి ఉంటుందనీ, మూడు చీకట్ల ప్రస్తావనకు ఇది సరిపోతుందనీ ఇబ్నుల్ ఖయ్యిమ్ భావించారు. వెంటనే, అధిక సంఖ్యాకులైన వ్యాఖ్యాతలు పొట్ట, గర్భాశయం, మషీమా అని చెప్పినట్లు కూడా రాశారు.

ఉల్బం రెండో వారంలోనే ఏర్పడుతుందని నేడు తెలుసు. అంటే పొరలు నెలనెలా ఒక్కొక్కటిగా పుట్టుకొస్తాయన్న గ్రీకు లెక్క నిలవలేదు. మరి ఆ లెక్కతో పాటు ఆయతుకు భంగం కలిగిందా? లేదు. కారణం ఇబ్నుల్ ఖయ్యిమ్ నిజాయితీ. వైద్యుడి మాటను వైద్యుడి పేరుతోనే చెప్పారు. ఆయతు భావంలో దాన్ని కలిపివేయలేదు. ఇతరుల అభిప్రాయాన్ని పక్కనే ఉంచారు. ఆరున్నర శతాబ్దాల తర్వాత చదివే పాఠకుడు హిప్పొక్రటీసును పక్కన పెట్టి ఆయతును యథాతథంగా తీసుకోగలుగుతున్నాడు. నేటి తెలుగు పుస్తకాల్లో ఈ ఏర్పాటు లేదు. పాఠ్యగ్రంథం మాట అనువాదంలోనే చేరిపోతున్నది. రేపు పాఠ్యగ్రంథం మారితే పాఠకుడు దేన్ని తీసివేయాలి?

ఈ అలవాటు ఒక్క సమాజానిది కాదు. సాగర్ జలాశయం పేరులో ఉన్న నాగార్జునుణ్ణే తీసుకోవచ్చు. సుశ్రుత సంహితను నాగార్జునుడు సంస్కరించాడని దాని వ్యాఖ్యాత డల్హణుడు రాశాడు. ఆ పేరుగలవారు ఒకరికంటె ఎక్కువమంది ఉన్నందున ఈయన బౌద్ధాచార్యుడేనా అన్న వాదం వేరే సంగతి. ఆ సంహిత శారీరస్థానంలో మొదటి నెల గర్భం కలలమనీ, రెండో నెల ఘనమనీ, మూడో నెలలో అవయవాల మొలకలు కనిపిస్తాయనీ ఉంది. ప్రాచీనుల పరిశీలనగా ఇది గౌరవించదగినది. అయితే ఆధునిక పిండశాస్త్రమంతా అందులోనే ఉందని ఎవరైనా ప్రసంగిస్తే ముస్లిం శ్రోత చిరునవ్వు నవ్వుతాడు. అదే తర్కం తన వేదిక మీద వినిపించినప్పుడు అతను తలూపడం ఉచితం కాదు. కొలబద్ద ఒకటే ఉండాలి.

అలఖ: గడ్డా, జలగా, తగులా?

మూడు చీకట్ల విషయంలో లోపం వివరణలో ఉంటే, "అలఖ" విషయంలో అది అనువాదంలోకే ప్రవేశించింది. సూరా అలఖ్ రెండో ఆయతులోనూ, సూరా మూమినూన్ 14వ ఆయతులోనూ, సూరా హజ్ 5వ ఆయతులోనూ ఈ ధాతువు నుండి వచ్చిన పదం ఉంది. తెలుగులో దీనికి తరచు కనిపించే మాటలు రక్తపు గడ్డ, నెత్తుటి ముద్ద. ఉర్దూ అనువాదాల్లో "లోథ్‌డా" అనే మాట వాడుకలో ఉన్నందున, ఉర్దూ తెలిసిన తెలుగు అనువాదకులకు ఇది సహజంగానే వచ్చింది. ఇంగ్లీషులోనూ ఇంతే. నిజాం ప్రభుత్వ కొలువులో ఉండి, హైదరాబాదు నుండి 1927లో "ఇస్లామిక్ కల్చర్" త్రైమాసికను ప్రారంభించిన మార్మడ్యూక్ పిక్తాల్ 1930లో ప్రకటించిన అనువాదంలో "క్లాట్" అనే రాశారు. 1934 నుండి వెలువడిన యూసుఫ్ అలీ అనువాదంలోనూ గడ్డకట్టిన రక్తమే ఉంది.

బుకాయ్ ఈ అనువాదాలను తప్పుపట్టారు. మనిషి గర్భంలో ఎన్నడూ రక్తపు గడ్డగా ఉండడు కనుక ఆ అర్థం పొరపాటనీ, "అంటిపెట్టుకొన్నది" అనేదే సరైనదనీ ఆయన వాదం. కీత్ మూర్ మరో అడుగు వేసి, నాలుగో వారం ప్రాంతపు పిండం జలగను పోలి ఉంటుందని బొమ్మలు పక్కపక్కన చేర్చారు. ఆయన పాఠ్యగ్రంథం మూడో కూర్పు ఇస్లామీయ అనుబంధాలతో 1983లో జెద్దాలో వెలువడింది. ఆ తరువాత తెలుగు వివరణల్లోనూ రక్తపు గడ్డకు బదులు జలగ వచ్చి కూర్చుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. పిండం ఎలా ఉంటుందో చెప్పే అధికారం పిండశాస్త్రానికి ఉంది. ఏడో శతాబ్దపు అరబ్బు చెవికి ఒక పదం ఏమని వినిపించిందో చెప్పే అధికారం దానికి లేదు. అది నిఘంటువుల పని. ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ తమ "ముఫ్రదాత్"లో ఈ ధాతువుకు ఒకదాన్ని పట్టుకుని ఉండటమనే అర్థాన్ని మొదట చెప్పి, గొంతుకు పట్టుకునే జలగనూ, గడ్డకట్టిన రక్తాన్నీ కూడా పేర్కొన్నారు. ఇబ్నె మన్‌జూర్ "లిసానుల్ అరబ్"లోనూ ఈ మూడూ ఉన్నాయి. కనుక రక్తపు గడ్డ అని రాసిన పాత అనువాదకులు అజ్ఞానులు కారు. వారు నిఘంటువునూ, తమకు పూర్వపు తఫ్సీరులనూ అనుసరించారు. వారిని నిందిస్తూ వచ్చిన కొత్త మాట "జలగ" కూడా మూడు అర్థాల్లో ఒకదాన్ని మాత్రమే ఎంచుకుంది. అదీ బొమ్మ పోలిక కోసం. నాలుగో వారపు పిండాన్ని పోలిన వస్తువులు లోకంలో ఎన్నో ఉంటాయి. పోలిక కంటికి ఇంపుగా ఉండవచ్చునే గాని రుజువు కాజాలదు.

మూడు అర్థాలకూ తల్లివేరు పట్టుకుని ఉండటం. రక్తం ముద్దగా పట్టుకుంటుంది. జలగ చర్మాన్ని పట్టుకుంటుంది. అనువాదం ఆ వేరునే అందించగలిగితే మిగిలినది వ్యాఖ్యకు వదలవచ్చు. ఇందుకు తెలుగులో చక్కని మాట ఉంది: తగులు. ముల్లు బట్టకు తగులుకుంటుంది. పశువుకు తాడు తగిలిస్తారు. మనసు తగులుకోవడాన్ని తగులమంటారు. అరబీలో ఇదే ధాతువు నుండి వచ్చిన "అలాఖా" సంబంధాన్నీ, మమతనూ తెలుపుతుంది. రెండు భాషల్లోనూ పదం వస్తువు నుండి మనసు దాకా ఒకే దారిన పోయింది. "తగులుకొని ఉన్నది" అంటే రక్తం గురించిన పాత అర్థానికీ, గర్భాశయాన్ని అంటుకోవడమనే కొత్త అర్థానికీ తలుపు తెరిచే ఉంటుంది. "గర్భం నిలిచింది" అని పల్లె స్త్రీలు అనే మాటలోనూ ఇలాంటి గ్రహింపే ఉంది. అది ఏ పాఠ్యగ్రంథం నుండీ వచ్చినది కాదు.

"ముద్గ" విషయంలో తెలుగు మరింత అదృష్టం చేసుకుంది. నోట నమలదగినంత పరిమాణం ఆ పదానికి మూలార్థం. అన్నం కలిపి నోటికి అందించే "ముద్ద" సరిగ్గా అదే. అయితే అనువాదాల్లో అలఖకూ ముద్దే, ముద్గకూ ముద్దే వాడటం వల్ల ఒకటి నెత్తుటి ముద్ద, మరొకటి మాంసపు ముద్ద అయి, దశకూ దశకూ నడుమ భేదం మాసిపోయింది. మొదటి దానికి తగులు, రెండో దానికి ముద్ద అని నిర్ణయిస్తే ఈ చిక్కు ఉండదు.

నామవాచకాలు మిగిలాయి, క్రియలు పోయాయి

వివరణకర్తల శ్రద్ధ అంతా దశల పేర్ల మీదే నిలిచింది. కాని సూరా మూమినూన్ ఆయతులో బలమంతా క్రియల్లో ఉంది. ఒకదాన్ని మరొకటిగా సృష్టించడం, తర్వాత దాన్ని ఇంకొకటిగా, ఎముకలకు మాంసాన్ని తొడగడం, చివరకు వేరే సృష్టిగా నిలబెట్టడం: ఇది పేర్ల జాబితా కాదు, ఒక గమనం. ఈ గమనాన్ని అరబీ రెండు చిన్న అవ్యయాలతో నడిపిస్తుంది. "సుమ్మ" అంటే కొంత వ్యవధి తర్వాత. "ఫ" అంటే వెనువెంటనే. మదర్సాలో నహ్వ్ చదివిన ప్రతి విద్యార్థికీ ఇది తొలి పాఠాల్లోనే వస్తుంది. ఆయతులో నుత్ఫా నుండి అలఖకు "సుమ్మ". అలఖ నుండి ముద్గకు, ముద్గ నుండి ఎముకలకు, ఎముకల నుండి మాంసానికి వరుసగా "ఫ". చివరి వేరే సృష్టికి మళ్లీ "సుమ్మ". ఆగి, వడిగా సాగి, మళ్లీ ఆగే నడక ఇది. తెలుగు అనువాదాల్లో అన్నిచోట్లా "తరువాత" అని గాని, "పిదప" అని గాని ఒకే మాట పడటం వల్ల ఈ నడక సమమైపోయింది. "ఆ మీదట", "అంతలోనే" అనే రెండు మాటల భేదం పాటించినా చాలు. లేదా తెలుగుకు సహజమైన క్త్వార్థక క్రియలతో, మలచి, మార్చి, తొడిగి అంటూ, వేగాన్ని సూచించవచ్చు.

"తొడగడం" గురించి కూడా ఒక మాట. మూలంలోని "కసౌనా" అనే క్రియ వస్త్రం కప్పడానికి సంబంధించినది. కాబా గృహానికి తొడిగే "కిస్వా" ఈ ధాతువు నుండి వచ్చినదే. హజ్ వార్తలు వినే ప్రతి తెలుగు ముస్లింకూ ఆ మాట తెలుసు. "ఎముకలను మాంసంతో కప్పాము" అన్నప్పుడు ఈ గౌరవం కనబడదు.

పిండశాస్త్రంలోనూ అసలు విశేషం ఆకారాల్లో కంటె కదలికల్లో ఉంది. దీన్ని చూడటానికి మనిషికి మొదట దొరికినది కోడిగుడ్డు. పొదిగిన మూడో నాటికి గుడ్డులో కొట్టుకునే ఎర్రని చుక్కను అరిస్టాటిల్ రాసిపెట్టాడు. 18వ శతాబ్దంలో కాస్పర్ ఫ్రెడరిక్ వోల్ఫ్ అనే జర్మన్ పండితుడు, పిల్ల గుడ్డులో ముందే బొమ్మలా ఉండి ఉబ్బుతుందన్న వాదాన్ని ఖండిస్తూ, పలుచని పలకలు మడతపడి అవయవాలు ఏర్పడతాయని చూపాడు. 1817లో పాండర్ కోడి పిండంలో మూడు పొరలను గుర్తించాడు. 1920లలో వాల్టర్ ఫోక్ట్ ఉభయచరాల పిండాలకు అపాయం లేని రంగులద్ది, ఏ కణాలు ఎక్కడికి పోతున్నాయో కనిపెట్టాడు.

ఇప్పుడు తెలిసినదాని సారాంశం ఇది. రెండో వారం చివరికి మానవ పిండం రెండు పొరల చిన్న పలక. పదిహేనో రోజు ప్రాంతంలో దాని పైపొర నడిమిన ఒక గీత కనబడుతుంది. దాన్ని ఆదిరేఖ అనవచ్చు. పైపొర కణాలు ఆ గీత వైపు సాగి, పక్కనున్న కణాల పట్టు విడిచి, గీత గుండా లోపలికి దిగుతాయి. దిగినవాటిలో కొన్ని అడుగున అంతస్త్వచంగా పరుచుకుంటాయి. కొన్ని నడుమ మధ్యస్త్వచంగా వ్యాపిస్తాయి. పైన మిగిలినవి బహిస్త్వచం అవుతాయి. పేగుల లోపలి పొర అడుగుదానిలో నుండీ, ఎముక, కండ, రక్తం నడిమిదానిలో నుండీ, చర్మం, మెదడు పైదానిలో నుండీ రూపొందుతాయి. మూడో వారంలోనే పైపొర నడిమి భాగం దళసరెక్కి, అంచులు లేచి, రెండు వైపులా వంగి, నడిమిన కలుసుకుని గొట్టమవుతుంది. అదే మెదడుకూ వెన్నుపాముకూ మూలం. ఇరవై ఎనిమిదో రోజు నాటికి ఆ గొట్టం రెండు కొసలూ మూసుకుపోతాయి.

కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి అంటుకుంటాయని 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. ఉభయచర పిండాల కణాలను విడదీసి కలగాపులగం చేసినా, అవి తిరిగి తమ జాతి కణాలతో చేరి తమ స్థానానికి సర్దుకున్నాయి. అందుకు పనికివచ్చే అంటుకునే పదార్థాలను ఆ తర్వాతి దశాబ్దాల్లో గుర్తించి కాడ్హెరిన్లు అన్నారు. ఇక్కడే ఒక ప్రలోభం పొంచి ఉంది. అలఖ అంటే తగులుకోవడం కనుక ఇది కాడ్హెరిన్ల ప్రస్తావనేనని రేపు ఎవరైనా చిన్న పుస్తకం రాయవచ్చు. అది జలగ బొమ్మకు కొత్త రూపమే అవుతుంది. కణాల కదలికను తెలుసుకోవలసింది ఆయతుకు సాక్ష్యం తేవడానికి కాదు. ఆలోచించమని ఆయతు పిలిచిన వస్తువు అదే గనుక తెలుసుకోవాలి.

ఎముకలూ మాంసమూ అనే క్రమం దీనికి పరీక్ష వంటిది. ముందు ఎముకలు సిద్ధమై తర్వాత కండలు వచ్చి కప్పుతాయని కొన్ని పుస్తకాలు శాస్త్రం పేరిట రాస్తున్నాయి. పిండశాస్త్రం చెప్పేది అది కాదు. చేతులు, కాళ్ల మొలకల్లో ఎముకకు మూలమైన మృదులాస్థీ, కండకు మూలమైన కణాలూ ఇంచుమించు ఒకే కాలంలో ఉంటాయి. ఎముక గట్టిపడటం రెండో నెల చివరి నుండి గాని మొదలుకాదు. కండ కణాలు మాత్రం వెన్ను పక్కనున్న ఖండాల నుండి ప్రయాణించి మొలకలోకి చేరుతాయి. కోడి, కౌజుపిట్ట పిండాలను కలిపి చేసిన ప్రయోగాల్లో ఈ ప్రయాణం స్పష్టపడింది. ఇందులో ఒక ముక్క వాదానికి అనుకూలంగా, మరొక ముక్క ప్రతికూలంగా కనిపిస్తుంది. అనుకూలమైనదే చెప్పి రెండోది దాచితే, వైద్యకళాశాలలో చేరిన కుర్రవాడు మొదటి సంవత్సరంలోనే దాన్ని కనుగొంటాడు. అప్పుడు అతను అనుమానించేది పుస్తక రచయితను మాత్రమే కాకపోవచ్చు. ఆయతు ఎదుటివాని చేతిలోని ప్రయోగశాల దినచర్య కాదు. ఎముకా, దాని మీద తొడుగూ అని ప్రతి మనిషీ తన శరీరంలో తడిమి చూసుకోగల నిర్మాణాన్ని చూపి, ఇంతటిది చేసినవాడు మళ్లీ లేపలేడా అని అడుగుతున్నది. సూరా హజ్ ఆయతు మొదలయ్యేదే పునరుత్థానాన్ని శంకించేవారిని సంబోధిస్తూ. ఈ సందర్భం తెలుగు పుస్తకాల్లో దాదాపుగా కనిపించదు.

మాటలతో ముడిపడిన బతుకులు

ఇది పండితుల పదచర్చగా మిగిలిపోయే విషయం కాదు. సూరా హజ్ ఆయతు ముద్గను రూపం ఏర్పడినది, ఏర్పడనిది అని రెండుగా పేర్కొంటుంది. గర్భస్రావమైనప్పుడు ఈ భేదం స్త్రీ ఆరాధనతో ముడిపడుతుంది. హనఫీ ఫిఖ్‌లో, పడిపోయిన గర్భంలో వేలు, గోరు, వెంట్రుక వంటి ఏదైనా అవయవ రూపం కనిపిస్తే ఆ తర్వాతి రక్తస్రావం నిఫాస్ అవుతుంది, ఇద్దత్ కూడా ముగుస్తుంది. రూపం లేకపోతే నియమం వేరు. నమాజు ఎప్పుడు విడవాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అనేది దీని మీద ఆధారపడుతుంది. బాధలో ఉన్న స్త్రీ తెలుగులో చదువుకోదలిస్తే ఆమెకు దొరికేది మాంసపు ముద్ద, జలగ బొమ్మ. ఆమెకు కావలసినది దశల మధ్య తేటగా భేదం చెప్పే మాట.

మరొకటి ఆరోగ్యానికి సంబంధించినది. వెన్నుగొట్టం ఇరవై ఎనిమిదో రోజుకు మూసుకోవాలి. ఎక్కడైనా మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతోనో, పుర్రె ఏర్పడకుండానో పుట్టవచ్చు. ఆ రోజు నెల తప్పిన తర్వాత సుమారు రెండు వారాలకే వస్తుంది. అనేకమంది స్త్రీలకు అప్పటికి గర్భం సంగతి రూఢి కాదు. ఈ లోపాన్ని చాలావరకు నివారించే విటమిను ఫోలిక్ ఆమ్లం. 1931లో బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ దాని జాడ కనిపెట్టింది. 1940ల మధ్యలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన తెలుగు శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు. అదే బృందం ఆ విటమినుకు విరోధి అయిన అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. పిల్లల రక్త క్యాన్సరుకు 1948లో సిడ్నీ ఫార్బర్ వాడినది అదే. గర్భంలో ఆ మందు పడిన పిండాలకు అంగవైకల్యాలు కలిగిన సంగతి 1952లో బయటపడింది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో ప్రకటించిన పరీక్షలో, అంతకు ముందు ఇటువంటి బిడ్డను కన్న తల్లులకు గర్భధారణకు ముందు నుండే ఫోలిక్ ఆమ్లం ఇస్తే లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. గర్భం ధరించదలచిన స్త్రీలందరూ ముందు నుండే రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పూర్వం వెన్ను లోపం గల బిడ్డను కన్నవారికి మోతాదు ఇంకా ఎక్కువ. వైద్యుణ్ణి అడిగి తీసుకోవాలి.

గర్భస్థ దశల ఆయతుల మీద ఎన్నో పేజీలు రాసినవారు ఈ ఒక్క పేరా రాసి ఉంటే, నిఖా జరిగిన ఇంట అది ఎంత ఉపకారం చేసేది! పిండపు నాలుగో వారం జలగలా ఉందా లేదా అన్నదానికి కేటాయించిన పుటల్లో, ఆ నాలుగో వారంలోనే ఏమి తెగిపోవచ్చునో, దాన్ని ఎలా కాపాడుకోవచ్చునో చెప్పడానికి చోటు దొరకలేదు. బిడ్డ తల్లికి అప్పగించబడిన అమానతు. అమానతును కాపాడే జ్ఞానం వాదంలో గెలిపించే జ్ఞానం కంటె పైమెట్టుది.

అనువాదకులు చేయదగినది

హైదరాబాదులో 1917లో నెలకొన్న దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. వైద్యవిద్య సైతం ఆ భాషలో సాగింది. పదాల నిర్మాణానికి పండితులు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చునేవారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలకు అటువంటి పనే చేసింది. ఖుర్‌ఆన్ తెలుగు అనువాదానికీ సుదీర్ఘ చరిత్ర ఉంది. భాషా చరిత్రకారుడు చిలుకూరి నారాయణరావు నాటి నుండి అది సాగుతున్నది. కొరవడినది ఈ మూడు దారులనూ కలిపే ప్రయత్నం.

అది మూడు చిన్న నియమాలతో మొదలుకావచ్చు. ఆయతు భావంలో మూలపదపు వేరునే ఉంచాలి. తగులు, ముద్ద, తొడుగు వంటి ఇంటి మాటలు అందుకు చాలు. పూర్వ వ్యాఖ్యాతల మాటను వారి పేరుతో కింద ఇవ్వాలి. మషీమాను మాయ అని తెలుగు చేయాలి. శాస్త్రం మాటను వేరే పేరాలో, ఏ సంవత్సరం నాటి జ్ఞానమో తెలుపుతూ రాయాలి. సంవత్సరం వేసిన వాక్యం పాతబడినా ఎవరికీ హాని చేయదు. సంవత్సరం లేని వాక్యం దైవవాక్కు నీడలో నిలబడి, పడిపోయేటప్పుడు పాఠకుడి విశ్వాసాన్ని పట్టుకుని లాగుతుంది. హిప్పొక్రటీసు పేరు చెప్పి ఇబ్నుల్ ఖయ్యిమ్ చేసిన మేలు ఇదే.

ఆయతు మనిషిని తన చీకటిలో తాను ఎలా మొదలయ్యాడో తలచుకొమ్మన్నది. ఆ చీకటిని సూక్ష్మదర్శినితో చూసేవారు చూడనీ. ఉమ్మనీరు, మాయ అనే మాటలతో ఎరిగినవారు ఎరగనీ. ఇద్దరి మధ్య అర్థాన్ని చేరవేయడమే అనువాదకుడి పని. అంతకు మించినది అల్లాహ్‌కే బాగా తెలుసు.